మౌనం సరే, తగువొస్తే ఏం చేస్తారు?

ఫిలడెల్ఫియా చుట్టుపక్కల మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అక్టోబరు వచ్చిందంటే ఒక ప్రశ్న లేస్తుంది: "పిల్లని ఫ్రెండ్స్ స్కూల్లో వేద్దామనుకుంటున్నాం, ఎలా ఉంటుందండీ?" ఫ్రెండ్స్ స్కూలంటే క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు పెట్టిన బడి. జవాబులు రెండు రకాలుగా వస్తాయి. "అక్కడ చదువేం ఉండదు, వారానికోసారి అందర్నీ కళ్లు మూసుకుని కూర్చోబెడతారు, లెక్కల్లో వెనకబడిపోతారు" అని ఒకరంటారు. "ఒబామా పిల్లలు చదివింది క్వేకర్ స్కూల్లోనే కదా, ఇంక ఆలోచించేదేముంది" అని ఇంకొకరంటారు. మొదటాయన మౌనాన్ని చూసి బెదిరాడు, రెండో ఆయన పేరు చూసి మురిశాడు. ఏడాదికి నలభై వేల డాలర్ల పైమాట ఖర్చయ్యే నిర్ణయానికి ఈ రెండూ చాలవు.

క్వేకర్లెవరో, విలియం పెన్ ఎవరో ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. సిటీ హాల్ నెత్తిమీద విగ్రహమై నిలబడి ఉన్నది ఈ ఊరిని స్థాపించిన ఆ పెన్నే, ఆయనా క్వేకరే. ఊరు పుట్టిన ఏడేళ్లకే, 1689లో, పెన్ చార్టర్ బడి మొదలైంది. 1697లో ఆబింగ్టన్ ఫ్రెండ్స్, 1833లో ఫ్రెండ్స్ సెలెక్ట్, 1845లో జర్మన్‌టౌన్ ఫ్రెండ్స్, ఫ్రెండ్స్ సెంట్రల్ వచ్చాయి. గోడల మీద రాసుకునే మాటలు అన్నిచోట్లా అవే: సరళత, శాంతి, నిజాయితీ, సముదాయం, సమానత్వం, బాధ్యతగా సంరక్షించడం. వీటి ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి 'స్పైసెస్' అంటారు. ఏ బడి బ్రోషర్ తెరిచినా ఈ ఆరు మాటలే ఉంటాయి కాబట్టి వాటిని పట్టుకుని ఒక బడికీ ఇంకో బడికీ తేడా చెప్పలేం. తేడా చూపించే ప్రశ్న ఒకటుందని నా నమ్మకం. ఈ బడి తన క్వేకర్ గుర్తింపుని ఎప్పుడు బయటికి తీస్తుంది? తనకి నష్టం వచ్చే చోట కూడా తీస్తుందా, లాభం ఉన్నప్పుడే తీస్తుందా?

మీటింగ్‌లో ఏం చూడాలి

ముందు ఒక భయం తీర్చేస్తాను. మతం మార్చేస్తారేమోనని హైదరాబాద్ నుంచి అమ్మమ్మలు ఫోన్లు చేస్తుంటారు. ఈ ఊరి ఫ్రెండ్స్ బడుల్లో మీటింగ్ పేరుతో జరిగేది పాస్టర్ లేని, ప్రసంగం లేని, బాప్తిస్మం లేని మౌన ఆరాధన. ప్రతి మనిషిలోనూ దైవాంశ ఉందన్నదే మూలం. అది మనకి కొత్త మాట కాదు. పిల్లల్లో క్వేకర్ కుటుంబాలవాళ్లు చాలా తక్కువ. యూదులు, క్యాథలిక్కులు, హిందువులు, ఏ మతమూ లేనివాళ్లు కలిసి కూర్చుంటారు. (కెన్యాలో పాస్టర్లు, పాటలు, ప్రసంగాలు ఉండే క్వేకర్లు లక్షల్లో ఉన్నారు, అది వేరే శాఖ.)

నన్నడిగితే చిక్కు ఇంకో వైపు ఉంది. పిల్లల్లో క్వేకర్లు తక్కువ, టీచర్లలోనూ తక్కువే అయినప్పుడు ఈ పద్ధతిని మోసేదెవరు? ఫ్రెండ్స్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ అని 1931 నుంచి ఈ ఊళ్లోనే ఒక సంస్థ ఉంది. కొత్త టీచర్లకి క్వేకర్ పద్ధతి పరిచయం చేసే శిక్షణ అది నడుపుతుంది. గత రెండేళ్లలో చేరిన టీచర్లలో ఆ శిక్షణకి ఎంతమంది వెళ్లారని అడగండి. బడ్జెట్ కత్తిరించాల్సి వస్తే మొదట పోయే ఖర్చుల్లో ఇదొకటి కాబట్టి, జవాబులోని అంకె చాలా చెబుతుంది. "మేము ఇంట్లోనే చేసుకుంటాం" అంటే ఎవరు చేస్తారు, ఎన్ని గంటలు చేస్తారని అడగాలి.

ఇక మీటింగ్. హైస్కూల్ పిల్లలకి సాధారణంగా వారానికోసారి ముప్పై నలభై నిమిషాలు, చిన్న తరగతులకి అందులో సగం. బెంచీలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. ఎవరికైనా చెప్పాలనిపిస్తే లేచి నిలబడి చెప్పి కూర్చుంటారు. చివర్లో ఒకరు పక్కవాళ్లతో చెయ్యి కలిపితే అయిపోయినట్టు. అడ్మిషన్ల ఓపెన్ హౌస్‌లో తల్లిదండ్రులకి ఐదు పది నిమిషాల మౌనం రుచి చూపిస్తారు. దాన్ని లెక్కలోకి తీసుకోకండి, అది డెమో. మీ పిల్ల ఒక రోజంతా గడిపే 'షాడో డే'ని మీటింగ్ ఉన్న రోజే పెట్టమని అడగండి. వీలైతే మీరూ వెనక బెంచీలో కూర్చుంటామనండి.

కూర్చున్నాక చూడాల్సింది మాటల మధ్య ఖాళీని. ఒకరు చెప్పింది లోపలికి దిగేదాకా, కనీసం రెండు మూడు నిమిషాలు, ఇంకొకరు లేవకూడదని పాత సంప్రదాయం. ఒకరి వెనక ఒకరు టపటపా లేచి మాట్లాడేస్తుంటే క్వేకర్లే దాన్ని 'పాప్‌కార్న్ మీటింగ్' అని వెక్కిరిస్తారు. పెద్ద బడుల్లో ఇంకో తెగులుంది. నాలుగొందల మందిని ఒకే హాల్లో కూర్చోబెడితే పేరున్న నలుగురైదుగురు తప్ప ఎవరూ నోరు విప్పరు, లేదా ఏడాదంతా ఎవరూ లేవరు. తెలివైన బడులు కొన్ని వారాలు చిన్న గుంపులుగా విడగొడతాయి. మాట్లాడేవాళ్లని టీచర్లు ముందే సిద్ధం చేసి పెట్టారా, మీటింగ్ టైములో సగం ప్రకటనలకే పోతోందా, కాలేజీ అప్లికేషన్ల సీజన్లో పన్నెండో తరగతివాళ్లకి "మినహాయింపు" ఇస్తున్నారా అన్నవి కూడా చూసుకోవాలి. అందరూ బుద్ధిగా కూర్చున్నారా అన్నది మాత్రం పట్టించుకోకండి. పద్నాలుగేళ్ల పిల్లలు కొందరు నిద్రపోతారు. అది మూడు వందల ఏళ్లుగా జరుగుతున్నదే.

మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో సాయంత్రం పిల్లలు అస్తమిస్తున్న సూర్యుణ్ని చూస్తూ మాట్లాడకుండా కూర్చునే అస్తాచల్ గురించి మనలో చాలామందికి తెలుసు. అక్కడ చదివిన తల్లిదండ్రులు ఫ్రెండ్స్ బడిని చూడగానే "ఇదీ అలాంటిదే" అనుకుంటారు. సగమే నిజం. అస్తాచల్‌లో నిశ్శబ్దం నిశ్శబ్దంగానే మొదలై అలాగే ముగుస్తుంది. క్వేకర్ మౌనంలోంచి ఎవరైనా, మూడో తరగతి పిల్లైనా, లేచి "నిన్న మనం చేసింది తప్పు" అనొచ్చు. అదే పద్ధతిని బడి పెద్దలు నిర్ణయాలకీ వాడతారు. ఓట్లుండవు. క్లర్క్ అని ఒకరు చర్చని నడిపి, సభ మనసు ఎటు మొగ్గిందో మాటల్లో పెట్టి చదివి వినిపిస్తారు. ఒప్పుకోనివాళ్లు తమ అభ్యంతరం చెప్పి పక్కకి జరగొచ్చు, లేదా అడ్డంగా నిలబడొచ్చు. కాబట్టి ఇక్కడ మౌనం ప్రశాంతత కోసం ఒక్కటే పెట్టింది కాదు, పాలనకీ అదే పునాది. ఆ పునాది గట్టిదో కాదో తెలిసేది గొడవ జరిగిన రోజునే.

మూడు తగువులు

2017 ఫిబ్రవరిలో, ఫిలడెల్ఫియా పొలిమేర అవతల విన్‌వుడ్‌లో ఉన్న ఫ్రెండ్స్ సెంట్రల్లో, ఒక విద్యార్థి క్లబ్బు స్వార్త్‌మోర్ కాలేజీ ప్రొఫెసర్‌ని మాట్లాడమని పిలిచింది. ఆయన పాలస్తీనీయుడు, రామల్లా ఫ్రెండ్స్ స్కూల్లో చదివిన క్వేకర్. కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు, బడి ఆ ప్రసంగాన్ని ఆపేసింది. పిల్లలు మీటింగ్‌లోంచి లేచి బయటికి నడిచి నిరసన తెలిపారు. క్లబ్బుకి సలహాదారులుగా ఉన్న ఇద్దరు టీచర్లని ముందు సెలవు మీద పంపారు, తర్వాత ఉద్యోగంలోంచి తీసేశారు.

2018లో న్యూయార్క్‌లోని ఫ్రెండ్స్ సెమినరీలో ఒక లెక్కల టీచరు కోణం చూపిస్తూ చెయ్యి చాచాడు. అది నాజీ సెల్యూట్‌లా ఉందని గ్రహించి హిట్లర్ మాట ఒకటి జోకుగా అనేశాడు. బడి ఆయన్ని తీసేసింది. పిల్లలు నిరసనగా బైఠాయించారు. ఆ టీచర్ల సంఘానికున్న ఒప్పందం ప్రకారం విషయం మధ్యవర్తి దగ్గరికెళ్లింది, ఆ తీర్పుతో ఆయన తిరిగి క్లాసులోకొచ్చాడు.

మూడోది 2020లో బ్రూక్లిన్ ఫ్రెండ్స్‌ది. అంతకు ముందు ఏడాదే అక్కడి టీచర్లు, సిబ్బంది ఓటేసి యూనియన్‌లో చేరారు. 2020 జూన్‌లో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ఒక కేసులో, మతపరమైన విద్యాసంస్థల అధ్యాపకుల మీద తనకి అధికారం లేదని తేల్చింది. ఆ తీర్పుని పట్టుకుని, మాది క్వేకర్ బడి కాబట్టి యూనియన్ గుర్తింపు తీసేయండని బడి యాజమాన్యం బోర్డుకి అర్జీ పెట్టుకుంది. సిబ్బంది అక్టోబరులో సమ్మెకి దిగారు, చాలామంది తల్లిదండ్రులు వాళ్ల పక్కన నిలబడ్డారు. యాజమాన్యం అర్జీ వెనక్కి తీసుకుంది.

ఈ మూడింటినీ చూపించి "క్వేకర్ బడులన్నీ బూటకం" అనడం తేలిక. నేను అలా అనను. రెండొందల కుటుంబాలు ఫీజు కట్టం అని కూర్చుంటే, లాయరు ఫోన్లో ఉంటే, సభ మనసు తేలేదాకా మూడు నెలలు ఆగే ఓపిక ఏ బడి హెడ్‌కీ ఉండదు. కొన్నిసార్లు ఆగకూడదు కూడా. పిల్లల భద్రత సంగతైతే ఆ రోజే తేల్చాలి. ఏకాభిప్రాయ పద్ధతిలో ఇంకో మోసం కూడా ఉంది. హెడ్ ముందే నిర్ణయించేసుకుని, అందర్నీ కూర్చోబెట్టి మౌనం పాటించి, వచ్చింది సభ నిర్ణయమే అని చెప్పొచ్చు. ఓటింగులో ఓడితే కనీసం ఓడామని లెక్క తెలుస్తుంది. ఇక్కడ ఓడినవాడికి తాను ఓడానని చెప్పుకునే కాగితం కూడా ఉండదు.

అయితే ఈ మూడు చోట్లా ఒకటి గమనించాలి. పెద్దలు హడావుడిగా తేల్చేసిన చోట, ఆగి ఆలోచించండని అడిగినవాళ్లు బడి లోపలివాళ్లే. ఫ్రెండ్స్ సెంట్రల్లో, ఫ్రెండ్స్ సెమినరీలో అడిగింది పిల్లలు. బడి చెప్పిన పాఠం పిల్లలకి అంటింది, యాజమాన్యానికి అంటలేదు. తల్లిదండ్రులుగా మనం కొనుక్కుంటున్నది పిల్లల్లో వచ్చే మార్పునే అయితే ఇది బడికి అనుకూలంగానే లెక్కకొస్తుంది. నాకున్న సందేహమల్లా, ఆ పాఠం టీచర్లు కష్టపడి నేర్పింది. అలాంటి టీచర్లనే తీసేస్తూ పోతే వచ్చే పదేళ్లలో ఎవరు నేర్పుతారు?

అందుకని బడి చూడ్డానికి వెళ్లినప్పుడు అడ్మిషన్ల ఆఫీసరుని పక్కన పెట్టి, బడి చూపించే పదకొండో తరగతి కుర్రాణ్ని ఇలా అడగండి: "పోయిన ఏడాది ఇక్కడ జరిగిన పెద్ద గొడవేంటి బాబూ? ఎలా తేలింది?" నిక్కచ్చిగా చెప్పగలిగిన కుర్రాడున్న బడి మంచిదే, కథ ఎంత వికారంగా ఉన్నా సరే. "గొడవలేం లేవండీ" అంటే ఇంకో ఇద్దర్ని అడగాలి.

పైన ఎవరున్నారు

ఫ్రెండ్స్ బడి అన్న పేరున్నంత మాత్రాన అన్నీ ఒకేలా నడవవు. జర్మన్‌టౌన్ ఫ్రెండ్స్ లాంటివి స్థానిక క్వేకర్ మీటింగ్ (ఆ చోటి క్వేకర్ల సంఘాన్నీ మీటింగ్ అనే అంటారు) సంరక్షణలో ఉంటాయి, బడి కమిటీ ఆ మీటింగుకి జవాబుదారీ. పెన్ చార్టర్ లాంటివి ఏ మీటింగు కిందా లేకుండా సొంత చార్టర్ మీద, సొంత బోర్డుతో నడుస్తాయి. సంరక్షణలో ఉంటే లంగరు గట్టిగా ఉంటుంది. కానీ ఆ మీటింగులో మిగిలినవాళ్లు కొద్దిమంది వృద్ధులే అయితే కోట్ల డాలర్ల బడ్జెట్ ఉన్న బడిని వాళ్లెంతవరకు పట్టించుకోగలరన్నది అనుమానమే. సొంత బోర్డయితే విరాళాలు బాగా తెస్తారు, కానీ బోర్డులో సగం మంది ఇప్పుడు చదువుతున్న పిల్లల తల్లిదండ్రులే అయితే ప్రతి ఫిర్యాదూ నేరుగా పైకెళ్లిపోతుంది. బోర్డులో క్వేకర్లెంతమంది, వాళ్లని ఎవరు నియమిస్తారు, తల్లిదండ్రులెంతమంది అని అడగండి. ఇవి రహస్యాలు కావు.

ఫ్రెండ్స్ కౌన్సిల్ సభ్యత్వం ఉన్న బడి కొన్నేళ్లకోసారి తన క్వేకర్ జీవితాన్ని తానే పరీక్షించుకుని, బయటివాళ్ల బృందానికి చూపించాలి. చదువు వైపు చూసేది ఇండిపెండెంట్ స్కూళ్ల సంఘం: పెన్సిల్వేనియాలో పీఏఐఎస్, న్యూయార్క్‌లో ఎన్‌వైఎస్‌ఏఐఎస్. నివేదికలు బయటపెట్టరు. అయినా "పోయిన నివేదికలో మీకు చేసిన ముఖ్యమైన సూచనలు రెండు చెప్పండి" అంటే హెడ్ చెప్పగలగాలి.

లెక్కలు, ఏపీలు

మనవాళ్లు మొదట అడిగేది ఇదే. "ఎనిమిది మందికొక టీచరు" అన్న నిష్పత్తిని నమ్మకండి. అందులో సంగీతం మాస్టారు, లైబ్రేరియను, కోచ్ అందరూ కలిసి ఉంటారు. ఏడో తరగతి లెక్కల సెక్షన్లో ఈ ఏడాది ఎంతమంది కూర్చుంటున్నారో అడగండి. తరగతి లోపల స్థాయిలు ఎప్పుడు విడదీస్తారు, ఎనిమిదిలో ఆల్జీబ్రా అందరికీనా కొందరికేనా, పైకి వెళ్లాలంటే పరీక్షా, టీచరు మాటా? కేటలాగులో మల్టీవేరియబుల్ కాల్క్యులస్ ఉంటే గత మూడేళ్లలో అది నిజంగా నడిచిందా అని కూడా అడగాలి. చిన్న బడుల్లో సరిపడా మంది చేరకపోతే కోర్సు కాగితం మీదే మిగిలిపోతుంది.

చాలా క్వేకర్ బడుల్లో ర్యాంకులుండవు, తరగతి ఫస్టు అని ఉండదు, బహుమతుల సభలు తక్కువ. కింది తరగతుల్లో మార్కులకి బదులు పేజీలకి పేజీలు వివరణలు రాసిస్తారు. పోటీ అంటే ఉత్సాహపడే పిల్లకి ఇది చప్పగా ఉండొచ్చు. ఏఎంసీ అనే లెక్కల పోటీ పరీక్ష బడిలో పెడతారా లేదా కనుక్కోండి. పోటీకి ముడుచుకుపోయే పిల్లకి మాత్రం ఇదే ఊపిరి. మన కార్పొరేట్ కాలేజీల ర్యాంకు బోర్డుల కింద పెరిగిన తండ్రులకి ఈ రెండోరకం పిల్ల తమ ఇంట్లోనే ఉందని ఒప్పుకోవడం కష్టంగా ఉంటుంది.

ఇక ఏపీల సంగతి, అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులు. సిడ్‌వెల్ ఫ్రెండ్స్‌తో సహా వాషింగ్టన్ ప్రాంతంలోని ఎనిమిది ప్రైవేటు బడులు 2022 నాటికి ఏపీ కోర్సులు ఎత్తేస్తామని 2018లో ప్రకటించాయి. పేరున్న కాలేజీలు బడిని ఎరుగుదురు కాబట్టి అక్కడ నష్టం ఉండదు. కానీ ఏపీ స్కోరుకి క్రెడిట్లిచ్చే స్టేట్ యూనివర్సిటీకి వెళ్తే ఒక సెమిస్టరు ఫీజు మిగిలే అవకాశం పోతుంది. కోర్సు లేకపోయినా పరీక్ష రాయొచ్చు. మీ బడి పరీక్షా కేంద్రం కాకపోతే వేరే హైస్కూలుని బతిమాలుకోవాలి, అదీ మే నెల పరీక్షకి ముందటి ఏడాది అక్టోబరులోనే. నవంబరు మధ్యకల్లా పరీక్షల ఆర్డర్లు మూసేస్తారు. ఏటా మార్చిలో కంగారుపడేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు.

డబ్బు

కిండర్‌గార్టెన్లో ఏడాదికి 35,000 డాలర్లు, ఏటా 4 శాతం పెరుగుదల అనుకుందాం. పన్నెండో తరగతికి ఫీజు 56,000 అవుతుంది, పదమూడేళ్ల మొత్తం 5,80,000 దాటుతుంది. మిడిల్ స్కూలుకి, హైస్కూలుకి మారేటప్పుడు వేసే అదనపు పెంపు ఇందులో లేదు. మాన్‌హట్టన్‌లో అయితే మొదటి ఏడాదే దాదాపు 60,000. గ్రేట్ వ్యాలీ, లోయర్ మెరియన్ లాంటి మంచి పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్టులో ఇల్లు కొని ప్రాపర్టీ ట్యాక్సు కడుతూ, డౌనింగ్‌టౌన్‌లో ఉంటే అక్కడి స్టెమ్ అకాడమీయో, సిటీలో ఉంటే మాస్టర్‌మన్ అనే పబ్లిక్ బడో అందుబాటులో పెట్టుకుని ఇంత ఖర్చెందుకన్న ప్రశ్నకి నా దగ్గర అందరికీ సరిపోయే జవాబు లేదు. ఇద్దరు పిల్లలుంటే, రిటైర్మెంటు పొదుపు ఆపి కట్టాల్సొస్తే, వద్దనే చెబుతాను.

సరళత, సమానత్వం అని గోడమీద రాసుకున్న బడికి ఇంత ఫీజేంటన్న ఆక్షేపణ కొత్తది కాదు, న్యాయమైనదే. ఈ ఊళ్లోనే ఆంథొనీ బెనెజెట్ అనే క్వేకర్ 1750 నుంచి నల్లజాతి పిల్లలకి తన ఇంట్లో చదువు చెప్పాడు. ఆ సంప్రదాయం చెప్పుకునే సిడ్‌వెల్ తలుపులు నల్లపిల్లలకి తెరిచింది 1956లో. మాటకీ చేతకీ మధ్య దూరం ఎప్పుడూ ఉంది. దాన్ని ఇప్పుడు కొలవాలంటే ఎంత శాతం పిల్లలకి సాయం అందుతోంది అన్నది అడిగితే చాలదు. ఫీజుల ఆదాయంలో ఎంత భాగం సాయంగా వెనక్కి పోతోంది, సగటు సాయం ఎంత అని అడగాలి. అందరికీ తలా కాస్త ఇచ్చి శాతాన్ని పెద్దగా చూపించడం చాలా తేలిక.

సాయానికి అర్జీ సాధారణంగా ఎస్‌ఎస్‌ఎస్ లేదా క్లారిటీ అనే ఆన్‌లైన్ ఫారం ద్వారా, అడ్మిషన్ గడువుతో పాటే పెట్టాలి. సీటొచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆ ఏడాది సొమ్ము పంచేసి ఉంటారు. గ్రీన్‌కార్డు లేకపోవడం మామూలుగా అడ్డం కాదు, అది బడి సొంత డబ్బు. ఇండియాలో ఉన్న ఫ్లాటు, పొలం ఆస్తి కిందే చూపించాలి. అమ్మానాన్నలకి నెలనెలా పంపే డబ్బుకి ఫారంలో సరైన గడి దొరక్కపోవచ్చు. అప్పుడు ప్రత్యేక పరిస్థితులు రాసే చోట లెక్కతో సహా రాయండి. పరిగణించడం, మానడం బడి ఇష్టం.

529 అనే చదువుల పొదుపు ఖాతాలోంచి కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండు దాకా ఫీజులకి ఫెడరల్ పన్ను లేకుండా ఏడాదికి 10,000 డాలర్లు తీయొచ్చు, 2026 నుంచి అది 20,000. కానీ న్యూయార్క్ రాష్ట్రం దీన్ని ఒప్పుకోదు, అంతకు ముందు తీసుకున్న రాష్ట్ర పన్ను మినహాయింపుని తిరిగి కట్టించుకుంటుంది. పెన్సిల్వేనియాలో ఆ బెడద లేదు. ఇక్కడ ఇంకో మేలుంది. తన పిల్లలకి బస్సు నడిపే డిస్ట్రిక్టు, సరిహద్దు దాటి 10 మైళ్ల లోపున్న లాభాపేక్ష లేని ప్రైవేటు బడికి వెళ్లే పిల్లలకీ రవాణా ఏర్పాటు చేయాలి. దూరం కొలిచేది మీ ఇంటి నుంచి కాదు, డిస్ట్రిక్టు సరిహద్దు నుంచి. బస్సు ఉదయం ఆరున్నరకే వస్తే ఆ మేలు ఎంతకాలం మేలుగా ఉంటుందో మీరే చూసుకోండి.

బడి ఆర్థిక ఆరోగ్యం చూడాలంటే లాభాపేక్ష లేని సంస్థలు ఏటా పన్ను శాఖకి ఇచ్చే ఫారం 990 వెతకండి, ప్రోపబ్లికా సైటులో ఉచితంగా దొరుకుతుంది. ఏడో భాగంలో హెడ్ జీతం, షెడ్యూల్ డీలో ఎండోమెంటు (బడి మూలనిధి) ఉంటాయి. రెండు కోట్ల డాలర్ల ఎండోమెంటు వినడానికి పెద్దదే. ఏటా 4.5 శాతం తీస్తే 9 లక్షలు, 500 మంది పిల్లలకి పంచితే తలకి 1,800. మిగతాదంతా ఫీజుల మీదే నడవాలి. మూడు శతాబ్దాల పేరున్నంత మాత్రాన నిధులున్నట్టు కాదు.

కొన్ని ఫ్రెండ్స్ బడుల 990 ఎంత వెతికినా దొరకదు. మతసంస్థకి అనుబంధంగా ఉన్న బడులు అది దాఖలు చేయనక్కర్లేదు. దాపరికం అనుకోనవసరం లేదు, కానీ ఆడిట్ చేయించిన లెక్కల సారాంశం చూపించమని అడగొచ్చు. నిజాయితీ అన్న మాటని గోడమీద రాసుకున్నవాళ్లు ఇక్కడ తటపటాయిస్తే రాసిపెట్టుకోవాల్సిన విషయమే.

చట్టం ఇచ్చిన గొడుగు

మొదట్లో వేసిన ప్రశ్నకి అసలు బరువు ఇక్కడుంది. పబ్లిక్ బడిలో మీ పిల్లకి ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి రాసిచ్చే చదువు ప్రణాళిక) ఉంటే ప్రైవేటు బడి దానికి కట్టుబడక్కర్లేదు. ఫెడరల్ నిధులు తీసుకోని బడికి, వైకల్యం ఉన్నవాళ్ల మీద వివక్ష కూడదనే సెక్షన్ 504 కూడా వర్తించదు. ఇంకా మిగిలింది ఏడీఏ అనే వికలాంగుల హక్కుల చట్టం. ప్రైవేటు సంస్థల గురించి చెప్పే దాని మూడో భాగం మతసంస్థలకీ, వాటి ఆధీనంలోని బడులకీ వర్తించదు. చాలా ఫ్రెండ్స్ బడులు చట్టం అడగకపోయినా డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకి మంచి సాయమే చేస్తాయి. బ్రూక్లిన్‌లో మేరీ మెక్‌డవెల్ ఫ్రెండ్స్ లాంటి బడి అలాంటి పిల్లల కోసమే ఉంది. పెన్సిల్వేనియాలో యాక్ట్ 89 అనే రాష్ట్ర చట్టం కింద ఇంటర్మీడియట్ యూనిట్లనే ప్రాంతీయ విద్యాసంస్థల ద్వారా రీడింగ్, స్పీచ్ సాయం ప్రైవేటు బడులకీ వస్తుంది. అయితే ఆ సాయం చట్టం ఇచ్చిన హక్కుగా ఉందా, బడి దయగా ఉందా అన్నది తెలుసుకోవాలి. "మా పిల్ల పరీక్షకి 50 శాతం అదనపు సమయం కావాలి, ఎవరు నిర్ణయిస్తారు, మాకు నచ్చకపోతే ఎవరితో మాట్లాడాలి, ఇదంతా కాగితం మీద ఇస్తారా?" అని అడిగి జవాబు ఈమెయిల్లో తెప్పించుకోండి. లెర్నింగ్ స్పెషలిస్టుకి గంటకింత అని విడిగా తీసుకుంటారేమో అదీ కనుక్కోండి.

990, యూనియన్, ఏడీఏ. మూడు చోట్లా చట్టం మతసంస్థకి గొడుగు పట్టింది. గొడుగు ఉండటం తప్పు కాదు. చేతిలో ఉన్నా తెరవని బడులున్నాయి. టీచర్లతో ఒప్పందం చేసుకుని, లెక్కలు చూపించి, వైకల్యం ఉన్న పిల్లకి రాతపూర్వకంగా మాటిచ్చే బడి క్వేకర్ బడి అని నేనంటాను, మీటింగ్‌లో పాప్‌కార్న్ పేలుతున్నా సరే.

చివరిగా ఒప్పందపత్రం. సీటిస్తున్నామన్న కబురుతో పాటు ఫిబ్రవరి, మార్చిల్లో వస్తుంది, సంతకానికి కొద్ది వారాలే టైమిస్తారు. డిపాజిటు తిరిగి రాదు. అందులో ఒక తేదీ ఉంటుంది, మే చివరో జూన్ మొదట్లోనో. ఆ తేదీ దాటాక ఉద్యోగం పోయినా, ఊరు మారినా ఏడాది ఫీజంతా మీ నెత్తినే. ట్యూషన్ రీఫండ్ ఇన్సూరెన్సు కొంత కాపాడుతుంది, కానీ అన్ని కారణాలకీ వర్తించదు, ఉద్యోగం పోవడానికి వర్తిస్తుందో లేదో పాలసీలో చూడాలి. అవన్నీ అయ్యాక ఇంకో క్లాజు వెతకండి. తల్లిదండ్రులతో సయోధ్య చెడితే పిల్లని బడి నుంచి పంపేసే హక్కు మాకుందన్న అర్థంలో చాలా ప్రైవేటు బడుల పత్రాల్లో ఒక వాక్యం ఉంటుంది, ఫ్రెండ్స్ బడుల్లోనూ ఉండొచ్చు. ప్రతి గొంతుకీ చోటుందని చెప్పే బడి ఆ వాక్యాన్ని గత ఐదేళ్లలో ఎన్నిసార్లు వాడింది, వాడేముందు ఎవరెవరు కూర్చుని మాట్లాడారు అని సంతకానికి ముందే అడగండి. డిపాజిటు కట్టేశాక ఆ ప్రశ్నకి మర్యాదైన జవాబు తప్ప ఇంకేం రాదు.